నిప్పును నిద్రపుచ్చే విద్య

మా నానమ్మది మధిర దగ్గర పల్లెటూరు. ఆవిడ ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది గానీ దాన్ని రోజూ తీయాల్సిన పని పడేది కాదు. రాత్రి వంట ముగిశాక పొయ్యిలో మిగిలిన నిప్పులన్నీ ఒక మూలకు కుప్పగా చేర్చి, పైన బూడిద మెత్తగా కప్పేది. తెల్లవారుజామున ఆ బూడిద పక్కకు తోసి, పిడక ముక్క విరిచి పెట్టి, ఊదుగొట్టంతో నాలుగుసార్లు ఊదితే పొయ్యి రాజుకునేది. పెరట్లో దాలి ఉండేది. పిడకల సెగ మీద పాలకుండ పొద్దంతా సన్నగా కాగి, మీగడ ఎర్రగా కట్టేది. నేను పుల్ల పుచ్చుకుని దాలి దగ్గరకు వెళ్తే, "కెలకమాకు. దాని మానాన దాన్ని వదిలెయ్" అనేది.

ఆ మాటలో ఎంత విద్య ఉందో నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. అది కూడా అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం ఈశాన్య మూల, విల్క్స్-బారీ దగ్గర మేం కొనుక్కున్న పాత ఇంట్లో, ఒక ఇనుప బొగ్గు పొయ్యి ముందు కూర్చున్నప్పుడు.

మా నాన్న ఇల్లందులో బొగ్గుబాయి పనికి వెళ్లినవాడు. బొగ్గు మా ఇంటి మనిషి లాంటిది. అందుకే ఆ పొయ్యిని చూసి నేను భయపడలేదు. కానీ మొదటి చలికాలం నెల తిరగకుండానే ఐదుసార్లు నిప్పు ఆర్పేశాను. రాత్రి రెండింటికి లేచి తలుపు తీసి, నిప్పు తగ్గిందేమోనని ఇనుప కడ్డీతో కెలికి, రెండు పారల బొగ్గు వేసి పడుకునేదాన్ని. తెల్లవారేసరికి పొయ్యి చల్లగా ఉండేది, ఇల్లు వణికించేది. గనివాళ్ల కుటుంబంలో పుట్టిన పక్కింటి పెద్దాయన వచ్చి పొయ్యిని చూసి ఒకటే అడిగాడు: "రాత్రి లేచావా?" లేచానన్నాను. "మరి అదే తప్పు" అన్నాడు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అదే. పట్టించుకోకపోతే నిప్పు ఆరిపోతుందని అందరికీ తెలుసు. వేళ కాని వేళ పట్టించుకున్నా ఆరిపోతుందని తెలిసినవాళ్లు తక్కువ. చేయాల్సిందంతా పడుకునే ముందే పూర్తిగా చేసి, ఆ తర్వాత చేతులు వెనక్కి తీసుకోవడం ఒక విద్య. అది పొయ్యి దగ్గర నేర్చుకుంటే పొయ్యితో ఆగదు.

రాయిలాంటి బొగ్గు

ముందు బొగ్గు సంగతి. మన ఇల్లందు ప్రాంతంలో రాక్షసిబొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. సింగరేణి కంపెనీ ఆ నేల మీదే పుట్టింది. ఆ బొగ్గులో మండే వాయువులు ఎక్కువ. తొందరగా అంటుకుంటుంది, మంట పైకి లేస్తుంది, పొగ చిమ్ముతుంది. నాకు తెలిసిన బొగ్గు అది.

పెన్సిల్వేనియాలో దొరికేది ఆంత్రసైట్. గాజులా మెరుస్తుంది, చేతికి మసి అంటదు, పొగ దాదాపు రాదు. దానిలో అధిక భాగం కార్బనే. అయితే అంటుకోవడానికి మహా మొండికేస్తుంది. రెండు శతాబ్దాల కింద అక్కడివాళ్లు దీన్ని రాతిబొగ్గు అనేవారు. కమ్మరులు తిత్తులతో గాలి కొట్టి కొలిమిలో మండించేవారు గానీ, ఇంట్లో వెచ్చదనానికి ఇది పనికిరాదనే అనుకునేవారు. 1808 ఫిబ్రవరి 11న విల్క్స్-బారీలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనుప ఊచల జాలీ మీద ఆంత్రసైట్ పేర్చి, తిత్తులు లేకుండానే మండించి చూపించాడు. ఆయన చేసిందల్లా గాలి కింది నుంచి దానంతటదే వచ్చేలా దారి ఇవ్వడం. ఆ దారి దొరికాక రాయి నిప్పయింది.

1812 ప్రాంతంలో ఫిలడెల్ఫియా దగ్గర జరిగిందని చెప్పుకునే కథ ఒకటి ఉంది. జోసయా వైట్, ఎర్‌స్కిన్ హజార్డ్ అనే ఇద్దరికి ఇనుప తీగల కార్ఖానా ఉండేది. ఆంత్రసైట్ తెప్పించి కొలిమిలో వేశారు. పనివాళ్లు రాత్రంతా కెలికారు, కదిపారు, ఊదారు. అంటుకోలేదు. విసిగిపోయి కొలిమి తలుపు మూసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఒకడు కోటు మరిచిపోయి అరగంటకు వెనక్కి వచ్చాడు. చూస్తే కొలిమి తలుపు ఎర్రగా కాలి ఉంది, లోపల బొగ్గు తెల్లటి వేడితో మండుతోంది. అందరినీ పిలుచుకొచ్చి ఆ ఒక్క నిప్పుతోనే వరుసగా నాలుగు విడతల ఇనుము కాచి సాగదీశారట.

వాళ్లు రాత్రంతా పడ్డ శ్రమ తప్పు కాదు. కానీ ఆ నిప్పుకు చివరగా కావలసింది వాళ్లు వెళ్లిపోవడం.

రాత్రి పని, వరుసగా

నిప్పుకు మూడు కావాలి: బొగ్గు, వేడి, గాలి. పగలు మూడూ ధారాళంగా ఇస్తాం. రాత్రికి బొగ్గు ఎక్కువగా, గాలి సన్నగా ఇచ్చి, వేడిని చెదరకుండా కాపాడతాం. నానమ్మ బూడిద కప్పడంలో ఉన్న రహస్యం కూడా ఇదే. బూడిద దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది, గాలిని కొద్దికొద్దిగా పంపుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. అడుగున జాలీ, దాని కింద బూడిద ట్రే, కింది నుంచి గాలి వచ్చే ద్వారం ఉన్న పొయ్యిలోనే బొగ్గు వేయాలి. కట్టెల కోసం మాత్రమే చేసిన పొయ్యిలో వేయకూడదు. అలాగే తయారుచేసినవాళ్లు ఏ సైజు బొగ్గు చెప్పారో అదే వాడాలి. చేత్తో బొగ్గు వేసే పొయ్యిలకు సాధారణంగా 'నట్' అనే సైజు వాడతారు. ముక్క సుమారు అంగుళం నుంచి అంగుళంన్నర ఉంటుంది.

పడుకోవడానికి గంట ముందు పని మొదలుపెట్టండి.

1. నిప్పును మేల్కొలపండి. కింది గాలి ద్వారం పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాలు ఆగండి. నిప్పు మరీ తగ్గి ఉంటే పలచగా ఒక పొర బొగ్గు వేసి, అది అంటుకున్నాకే తర్వాతి పనికి వెళ్లండి. నీరసంగా ఉన్న నిప్పును జల్లిస్తే అక్కడే చస్తుంది.

2. బూడిద జల్లించండి. జాలీ పిడిని చిన్నచిన్న కుదుపులతో ఆడించాలి. బారుగా లాగకూడదు. మొదట బూడిద రాలుతుంది. కాసేపటికి కింద ట్రే మీద ఎర్రటి వెలుగు పరుచుకుంటుంది, ఒకటీ అరా నిప్పు కణికలు పడతాయి. అక్కడ ఆపేయాలి. అంతకు ముందే ఆపితే బూడిద అడ్డుపడి, రాత్రి మధ్యలో గాలి అందక నిప్పు చస్తుంది. దాటిపోతే నిప్పునే కింద పారబోసుకున్నట్టు. నేను మొదటి నెలలో ఈ రెండు తప్పులూ చేశాను.

3. బూడిద ట్రే ఖాళీ చేయండి. ట్రే నిండి బూడిద జాలీని తాకితే, గాలి ఆడక జాలీ వేడికి వంకర పోతుంది. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో వేసి, ఇంటికి దూరంగా సిమెంటు నేల మీద ఉంచండి. చెక్క వసారాలో, అట్టపెట్టెలో వద్దు. లోపల కణికలు రోజుల తరబడి బతికి ఉంటాయి. మా రాష్ట్రంలోనే సెంట్రాలియా అనే ఊరు ఉంది. 1962లో ఆ ఊరి కింద గనిలో అంటుకున్న మంట ఇవాళ్టికీ ఆరలేదు. ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. కప్పబడిన నిప్పు ఆరిపోయిందని ఎప్పుడూ అనుకోకండి.

4. పొయ్యి నిండా బొగ్గు వేయండి. కొత్తవాళ్లు ఇక్కడే పిసినారితనం చేస్తారు. పలచగా వేస్తే ఎక్కువసేపు వస్తుందనుకుంటారు. ఆంత్రసైట్ లోతు కోరుతుంది. ముక్క పక్కన ముక్క, పొర మీద పొర ఉంటేనే ఒకదాని వేడి ఇంకొకదాన్ని నిలబెడుతుంది. లోపలి అగ్ని ఇటుకల అంచు దాకా నింపాలి. అయితే ఒక మూల ఎర్రటి నిప్పును కప్పకుండా వదలండి. కొత్త బొగ్గు నుంచి లేచే వాయువు ఆ మూల దగ్గర అంటుకుని కాలిపోతుంది. మొత్తం కప్పేస్తే వాయువు పేరుకుని, ఒక్కసారిగా అంటుకుని పొయ్యి తలుపు దబ్బున తెరుచుకోవచ్చు.

5. నీలి మంటల కోసం ఆగండి. గాలి తెరిచే ఉంచి పావుగంటో ఇంకాస్తో చూడండి. బొగ్గు మీద నీలి మంటలు నాట్యం చేస్తాయి. అవి వచ్చేదాకా గాలి తగ్గించకూడదు. నిద్ర ముంచుకొస్తున్నా సరే, ఈ పావుగంట ఇవ్వాల్సిందే.

6. గాలిని అంచెలంచెలుగా తగ్గించండి. ఒకేసారి మూయకండి. సగానికి తగ్గించి కాసేపు చూసి, తర్వాత మీ పొయ్యికి తగిన రాత్రి గుర్తు దగ్గర ఆపండి. ఆ గుర్తు ఎక్కడో నాలుగైదు రాత్రుల అనుభవం చెబుతుంది. పూర్తిగా మాత్రం ఎన్నడూ మూయకూడదు.

7. ఇక వెళ్లి పడుకోండి. సరిగ్గా అమర్చిన పొయ్యి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు దానంతటదే నిలుస్తుంది. మధ్యలో లేచినా తలుపు తీయవద్దు.

పొద్దున చచ్చినట్టు కనబడే నిప్పు

తెల్లవారి చూస్తే పైనంతా నల్లగా, బూడిదరంగుగా ఉంటుంది. ఎరుపు జాడ ఉండదు. నాకు మొదట్లో గుండె జారిపోయేది. కడ్డీ అందుకునేదాన్ని. ఆంత్రసైట్‌ను పైనుంచి కెలికితే పొరలు చెదిరిపోతాయి. బూడిద, చిట్టెం పైకి వచ్చి బొగ్గుతో కలిసిపోయి గాలిదారులు మూస్తాయి. అప్పటిదాకా బతికి ఉన్న నిప్పును నేనే చంపేదాన్ని.

పక్కింటి పెద్దాయన నేర్పిన పద్ధతి ఇది. ముందు చెయ్యి చాపి పొయ్యి వేడి చూడు. వెచ్చగా ఉందంటే లోపల ప్రాణం ఉంది. కింది గాలి తెరువు. పది నిమిషాలు ఏమీ చేయకు. చెవి పెట్టి విను, బొగ్గు చిటపటమంటుంది. సందుల్లోంచి ఎరుపు పైకి పాకుతుంది. అప్పుడు పలచగా ఒక పొర బొగ్గు వెయ్యి. అది అంటుకున్నాక జల్లించు. ఆ తర్వాత నింపు.

మన భాషలో 'నివురుగప్పిన నిప్పు' అనే మాటను బయటపడని కోపానికో, పొంచి ఉన్న ప్రమాదానికో వాడుతుంటాం. మా నానమ్మకు మాత్రం అది రోజువారీ ఇంటిపని. నివురు కప్పింది ఆవిడే, పొద్దున తీసేదీ ఆవిడే. పైన బూడిద కనబడగానే కింద ఏమీ లేదని తేల్చేయని ఓపిక ఆవిడ దగ్గర ఉండేది.

ఊపిరి మూయవద్దు

ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి, దయచేసి రెండుసార్లు చదవండి.

బొగ్గు లోపలి పొరల్లో కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. పైన కనబడే నీలి మంట ఆ వాయువు కాలుతున్న మంటే. గాలి తగ్గించినప్పుడు అది పూర్తిగా కాలకుండా పొగగొట్టం గుండా బయటకు పోతుంది. పొగగొట్టం సరిగ్గా లాగకపోతే ఇంట్లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆంత్రసైట్‌కు పొగ కూడా ఉండదు గనుక కళ్లు మండి మెలకువ వచ్చే అవకాశమూ లేదు.

అందుకే ఇంటి ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. దాని బ్యాటరీ పని చేస్తోందో లేదో పరీక్షిస్తూ ఉండాలి. ఏటా పొగగొట్టం, పొయ్యి నుంచి దానికి వెళ్లే గొట్టం శుభ్రం చేయించాలి. సన్నటి బూడిద ఆ మలుపుల్లో పేరుకుంటుంది. బయట చలి తగ్గిన రోజుల్లో పొగగొట్టం లాగుడు తగ్గుతుంది, అలాంటి రాత్రి నిప్పును మరీ సన్నగా అణచి ఉంచడం ప్రమాదం. పొయ్యి ఆర్పేసి దుప్పటి కప్పుకోండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు, కళ్లు తిరిగినట్టు ఇంట్లో ఒకరికి మించి అనిపిస్తే కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరూ బయటకు వచ్చి అత్యవసర సహాయానికి ఫోన్ చేయాలి.

మన దగ్గరి పాఠకులకు ఇంకో మాట. కుంపటికి పొగగొట్టం ఉండదు. చలిగా ఉందని తలుపులు బిగించిన గదిలో కుంపటి పెట్టుకుని, బాలింత దగ్గరో ముసలివాళ్ల దగ్గరో రాత్రంతా ఉంచకండి. కణకణలాడే బొగ్గులు, బూడిద కప్పిన బొగ్గులు రెండూ ఒకే విషాన్ని వదులుతాయి. మా నానమ్మ పొయ్యి ఉన్నది గాలి ఆడే వసారాలో. దాలి ఉన్నది ఆరుబయట పెరట్లో. ఆ సంగతి మరిచిపోయి ఆవిడ పద్ధతిని మూసిన గదిలోకి తెచ్చుకోకూడదు.

పొయ్యి దగ్గర నేర్చుకున్నది

మా అమ్మాయి కాలేజీ చదువుకు పిట్స్‌బర్గ్ వెళ్లిన ఏడాదే ఈ పొయ్యి నా జీవితంలోకి వచ్చింది. ఆ మొదటి నెలల్లో రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. తిన్నావా, పడుకున్నావా, పరీక్ష ఎలా రాశావు. ఒక్కో ఫోనూ రెండు నిమిషాలు. దాని గొంతు రోజురోజుకూ పొడిబారుతుంటే నాకు భయం పెరిగి ఇంకోసారి చేసేదాన్ని. నేను చేస్తున్నది కెలకడమని పొయ్యి దగ్గర కడ్డీ పట్టుకున్న ఒక రాత్రి తట్టింది. మూడు ఫోన్లలో ఒక్కదానిలోనూ బొగ్గు వేయడం లేదు. ఊరికే తలుపు తీసి, ఉన్న వేడిని బయటకు పోనిచ్చి, మళ్లీ మూస్తున్నాను.

ఆదివారం సాయంత్రం ఒక గంట పెట్టుకున్నాం. ఆ గంటలో నా చేతిలో ఇంకో పని ఉండదు. మొదటి పావుగంట పొడిపొడి మాటలే నడుస్తాయి, తొందరపడి ముగించకూడదు. బొగ్గు మీద నీలి మంటలకు ఆగినట్టే ఆగాలి. అసలు మాట ఆ తర్వాత వస్తుంది. గంటయ్యాక మిగతా వారమంతా దానిది. అవసరమైతే అదే చేస్తుంది. ఇప్పుడు బుధవారాల్లో ఫోన్ అదే చేస్తోంది.

పనిలోనూ ఇంతే. పడుకునే ముందు ఆ రోజు జరిగినదాన్ని తలచుకోవడం మంచి అలవాటు, అది బూడిద జల్లించడమే. కాలిపోయినదాన్ని కింద పడనివ్వాలి. కానీ ఎరుపు కనబడగానే ఆపాలి. అక్కడ ఆపలేనివాళ్లు తమ తప్పుల్ని తవ్వుకుంటూ రేపటి ఉత్సాహాన్ని కూడా ట్రేలోకి రాల్చేసుకుంటారు.

చాలా ఏళ్లు వదిలేసిన సంగీతమో, బొమ్మలు గీయడమో, రాయడమో మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు పొద్దుటి పొయ్యి పద్ధతే చెబుతాను. మొదటి రోజే పెద్ద కీర్తన ఎత్తుకుని గొంతు పలకలేదని ఏడవడం, చచ్చినట్టున్న నిప్పును కెలకడమే. ముందు గాలి ఇవ్వండి. విన్నవే మళ్లీ వినండి, పాత పుస్తకం తెరిచి చూడండి. వెచ్చదనం తగిలాక ఒక చిన్న వర్ణం పాడండి. అది అంటుకున్నాకే పెద్దవి వేయండి.

ఒక్క తేడా మనసులో ఉంచుకోవాలి. వదిలెయ్యడం వేరు, మూసెయ్యడం వేరు. కోపాన్నీ దుఃఖాన్నీ ఎవరికీ చెప్పకుండా అన్ని ద్వారాలూ బిగించి లోపల పెట్టుకునేవాళ్లను మనం ఓర్పు గలవాళ్లని మెచ్చుకుంటాం. పొగగొట్టం లేని గదిలో కుంపటి అది. విషం వాసన లేకుండా పాకుతుంది. ఎంత అణచి ఉంచినా సన్నటి దారి ఒకటి ఉండాలి. నమ్మకంగా వినే ఒక్క మనిషి చాలు.

ఈ వారం చేసి చూడండి

1. మీరు పదేపదే తలుపు తీసి చూస్తున్న నిప్పు ఏదో ఒక కాగితం మీద రాయండి. ఒక మనిషి కావచ్చు, ఒక పని కావచ్చు, ఫలితం కోసం చూస్తున్న ఒక దరఖాస్తు కావచ్చు.

2. దాన్ని పూర్తిగా పట్టించుకోవడానికి వారంలో ఒక సమయం పెట్టుకోండి. ఆ సమయంలో పిసినారితనం వద్దు. పొయ్యి నిండా వేయండి.

3. ఆ సమయం దాటాక దాన్ని ముట్టుకోవద్దు. చెయ్యి కడ్డీ వైపు వెళ్లినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టండి. మొదటి వారం గీతలు ఎక్కువే ఉంటాయి.

4. మీ పొగగొట్టం ఎవరో రాసుకోండి. ఆ పేరు రాయలేకపోతే మిగతా మూడూ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

5. నిజంగానే బొగ్గు పొయ్యి ఉన్నవాళ్లు ఈ రాత్రి అలారం బ్యాటరీ చూసుకుని, గంట ముందు పని మొదలుపెట్టండి. నీలి మంటలు వచ్చాక గాలి తగ్గించి పడుకోండి. రెండింటికి మెలకువ వస్తే గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. అటు తిరిగి పడుకోండి.